ఊరికే తీసుకోని అండాలమ్మ

చైతన్యపురిలో ఇప్పుడు మేమున్న వాటాలోకి దిగిన మర్నాడు గోంగూర పచ్చడి నూరాను. ఒంగోలు మనిషిని, కొత్త వంటింట్లో మొదట నా చేతికొచ్చేది గోంగూరే. చిన్న స్టీలు గిన్నెలో కొంచెం పెట్టి పక్క వాటావాళ్ళకు ఇచ్చొచ్చాను. అరగంట తిరక్కుండా గిన్నె వాపసు వచ్చింది, నిండా దొండకాయ వేపుడుతో.

మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. రెండ్రోజులాగి సున్నుండలు పంపాను. గిన్నె సకినాలతో వచ్చింది. పులిహోర పంపితే బగారా అన్నం వచ్చింది. నాకూ పంతం పట్టి పూర్ణాలు వండాను. ఈసారి గిన్నెతో పాటు ఆ ఇంటావిడే వచ్చింది. గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"టీచరమ్మా, నాకు కర్రీ పాయింటున్నది. పొద్దుగాల లేస్తే మాపటిదాంక పొయ్యి కాడనే ఉంటా. గీ గిన్నెల పంచాయితి నాతోటి కాదు. మీరు బంద్ చేస్తరా లేదా?"

"నేను పంపింది ఊరికే ఉంచేసుకోవచ్చు కదండీ?" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "గిన్నె ఖాళీగ వాపస్ ఇయ్యాలెనా?" అంది. ఇంత చదువుకుని పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన నేను ఆ మాట ఎలా అనగలిగానో ఆవిడకు అర్థం కాలేదు.

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదన్నది మా వైపూ ఉంది. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసిస్తాం. ఆవిడ పేరు అండాలమ్మ. ఆవిడకు మాత్రం అది ఒట్టి ఆచారం కాదు. పుట్టిన మతం మార్చుకుంది కానీ ఈ ఒక్కటీ మార్చుకోలేదు.

ఆవిడది మోత్కూరు దగ్గర పల్లె. భర్త బక్కయ్య తాపీమేస్త్రి. పెళ్ళయిన కొత్తలోనే పని వెతుక్కుంటూ పట్నం వచ్చారు. మీర్‌పేట్‌లో ఇవాళ మనుషులుంటున్న ఇళ్ళలో చాలావాటికి ఆయన గోడలు కట్టాడు, సొంతానికి మాత్రం ఒక్క గోడా కట్టుకోలేదు. ఒక ఎండాకాలం పని మీద ఉండగానే గుండె ఆగి పోయాడు. కూతురు పల్లవి అప్పటికి స్కూలు పిల్ల. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, బక్కయ్యతో కలిసి పనిచేసిన మేస్త్రి ఒకాయన ఎల్బీ నగర్‌లో మా చర్చి సంఘంలో సభ్యుడు. ఆయన చెప్తే సంఘంవాళ్ళు ఆ వారమంతా ఇద్దరికీ అన్నం కూర వండి గంజుల్లో పట్టుకెళ్ళి ఇచ్చారు.

అండాలమ్మ ఆ గంజులు దాచిపెట్టుకుంది. కాస్త నిలదొక్కుకున్నాక ఒక ఆదివారం వాటి నిండా బగారా వండి, ఆటోలో పెట్టుకుని, సంఘం ఎక్కడో కనుక్కుంటూ వచ్చింది. అంటే ఆవిడ మా గుడికి దేవుణ్ణి వెతుక్కుంటూ రాలేదు, గిన్నెలు అప్పగించి పోదామని వచ్చింది. అప్పటికే పాటలు మొదలయ్యాయి. మధ్యలో పిలవడం బాగుండదని వెనక చాప మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఏడ్చిందట. ఎందుకేడ్చానో ఈ రోజుకీ తెలియదంటుంది. పై ఆదివారం గిన్నెలేమీ లేకుండానే వచ్చింది.

మా పాస్టరు పేరు బాల్‌రాజ్. ఆదివారం వాక్యం చెప్తాడు, మిగతా రోజులు స్కూలు వ్యాను నడుపుతాడు. మెత్తటి మనిషి. వ్యానులో పిల్లలు ఎంత అల్లరి చేసినా హారన్ కొట్టడమే తప్ప అరవడు. అండాలమ్మ బాప్తిస్మం రోజున, ఇష్టమైతే పేరు మార్చుకోవచ్చునని ఎవరో అన్నారట. "ఇన్నేండ్ల సంది నన్ను గీ పేరుతోటే చూస్తుండు గదా, కొత్త పేరు పెట్టుకుంటే దేవుడు పరేషాన్ కాడా?" అందట. బాల్‌రాజ్ నవ్వి అండాలమ్మ పేరుతోనే నీళ్ళలో ముంచి లేపాడు.

మా తాతల నాటి నుంచి మేం క్రైస్తవులం. కృప అనే మాట ఉయ్యాల్లో ఉన్నప్పుడే నా చెవిలో పడింది. అంత అలవాటైన మాట గురించి ఎవరు ఆలోచిస్తారు? నేనూ ఆలోచించలేదు. అండాలమ్మకు మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది.

"దేవుడు మనల్ని క్షమించేది మన పనికి కూలిగ కాదక్కా" అని బాల్‌రాజ్ చెప్పేవాడు. "ఊరికెనే ఇస్తడు. మనం తీసుకునుడే. దాన్నే కృప అంటం."

"ఊరికెనే తీసుకుంటే మనకు ఇజ్జత్ ఉంటదా అయ్యగారూ?" అనేది ఆవిడ. "ఆయన ఇచ్చిండు, మంచిదే. నా తరఫున గూడ ఏదన్న పోవాలె గద."

పోయేది కూడా. శుక్రవారం ఉపవాసం ఆవిడదే, హాలు ఊడ్చేది ఆవిడే, క్రిస్మస్ నాడు సంఘమంతటికీ వండేది ఆవిడే. ఎవరైనా కూరగాయలు తరుగుతామని వస్తే కత్తిపీట ఇచ్చేది కాదు. సాక్ష్యం చెప్పమంటే లేచి, దేవుడు తనకు చేసిందొకటి చెప్పి, తను దేవుడికి చేసింది నాలుగు చెప్పేది. వింటూ ఉంటే ఆయనే ఈవిడకు రుణపడ్డాడేమో అని నాకు అనుమానం వచ్చేది. ఆ మాట అంటే నా మీద వారం రోజులు అలిగింది కూడా. అలిగినా నా గిన్నె మాత్రం మినప్పప్పు పోసే తిరిగిచ్చింది.

ఆవిడ లోపల ఏం దాచుకుందో ఒక మధ్యాహ్నం తెలిసింది. రోజూ కూరలు కొనే హాస్టలు పిల్లలు సెలవులకు వెళ్ళారు, బేరం లేదు. ఇద్దరం ఉల్లిపాయలు తరుగుతున్నాం. మీకు తోడబుట్టినవాళ్ళు లేరా అని అడిగాను.

"ఒక్క చెల్లె" అంది. "లేదనుకున్న."

చెల్లెలి పేరు యాదమ్మ. తల్లి బుచ్చవ్వ పొలం పనికి పోతే అండాలమ్మే ఆ పిల్లను చంకనేసుకుని పెంచింది. తండ్రి పోయాక తల్లినీ చెల్లెల్నీ పట్నం తెచ్చి తన దగ్గరే పెట్టుకుంది. చెల్లెలు దిల్‌సుఖ్‌నగర్‌లో కుట్టుపని నేర్చుకునేది. ఒకరోజు పొద్దున అన్నం డబ్బా పట్టుకుని ఎప్పటిలాగే బయల్దేరింది, సాయంత్రం రాలేదు. హయత్‌నగర్ బస్సు డిపోలో మెకానిక్ దశరథను పెళ్ళి చేసుకుంది. అతని కులం వేరు. తల్లి మంచం పట్టి ఆ ఏడాదే పోయింది.

"అవ్వ పోయిందని తెలిసి వచ్చింది టీచరమ్మా. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డ. నువ్వే సంపినవ్, నీకు మొహం చూసే హక్కు లేదన్న. శవం లేపేదాంక రోడ్డు అవతల కిరాణ కొట్టు ముందట నిలబడి ఏడ్చుకుంట ఉన్నది. ఎవ్వరినీ పిలువనియ్యలే."

అక్కడితో ఆగలేదు. కొడుకు పుట్టాక యాదమ్మ లడ్డూలు చేసి, ఒక డబ్బాలో పెట్టి, గుడ్డ కట్టి, తెలిసినావిడతో అక్కకు పంపింది. అండాలమ్మ ముడి కూడా విప్పలేదు. డబ్బా నిండినది నిండినట్టే వెనక్కి పంపేసింది. ఖాళీ గిన్నె ఎవరికీ తిరిగివ్వని మనిషి, నిండు డబ్బాను తిప్పి పంపింది ఆ ఒక్కసారే.

"అది నేను మన ప్రభువు దగ్గరికి రాకముందు సంగతి" అంది.

"వచ్చాకైనా వెళ్ళి కలవాల్సింది కదా?"

"ఏం పట్టుకొని పోవాలె?" అని కసిరింది. "గంత చేసి, ఉత్త చేతులతోటి పోయి తప్పయిందని అంటే సరిపోతదా? దానికి సరిపడేది నా దగ్గర ఏముంది చెప్పుండ్రి?"

కళ్ళ నీళ్ళు ఉల్లిపాయల మీదికి నెట్టి ఇద్దరం పని చేసుకున్నాం.

రెండేళ్ళ కిందట ఆవిడ కాళ్ళు వాయడం మొదలైంది. పొయ్యి దగ్గర నిలబడీ నిలబడీ వచ్చిన వాపనుకుంది. తర్వాత మొహం ఉబ్బింది, మెట్లెక్కితే ఆయాసం. పల్లవి అప్పటికి ఒక కోచింగ్ సెంటర్‌లో రిసెప్షన్‌లో చేస్తోంది. పోట్లాడి ఎల్బీ నగర్‌లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఎప్పటినుంచో బీపీ ఉందట, పట్టించుకోలేదు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు.

కర్రీ పాయింట్ మూతపడింది. డయాలసిస్ ఉన్న రోజుల్లో నేనూ తోడు వెళ్ళేదాన్ని. ఇంటికొచ్చాక చేతనయ్యేది కాదు, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. సంఘంవాళ్ళు వంతులేసుకుని వండి తెచ్చేవాళ్ళు. ఆ స్థితిలో కూడా ఆవిడ ఒక్క గిన్నె ఖాళీగా పోనివ్వలేదు. రెండు నిమ్మకాయలో, గుప్పెడు పల్లీలో పల్లవి చేత వేయించేది. ఒకసారి ఇంట్లో ఏమీ లేకపోతే ఉప్పు వేయించింది. తను తినకూడని ఉప్పు ఊరందరికీ పంచుతోందని నేను అంటే, అంత నీరసంలోనూ నవ్వింది.

ఆవిడ ఒళ్ళు డయాలసిస్‌ను సరిగ్గా తట్టుకోవడం లేదు. రెండుసార్లు మధ్యలోనే బీపీ పడిపోయి భయపెట్టింది. ఇలా ఎక్కువ కాలం నడవదు, కిడ్నీ మార్చాలి, ఇంట్లో ఎవరైనా ఇస్తే మంచిదని డాక్టర్లు చెప్పారు. పల్లవి ముందుకొచ్చింది కానీ ఆ పిల్ల బ్లడ్ గ్రూపు కలవలేదు. అండాలమ్మ ఆ రోజు ప్రభువుకు గట్టిగా స్తోత్రం చెప్పింది, పిల్లది తీసుకునే గండం తప్పినందుకు.

"పిన్నిని అడుగుతా అమ్మా" అంది పల్లవి.

"అడిగినవంటే నేను దవాఖానకు పోవుడే బంద్ చేస్తా" అంది తల్లి. అన్నంత పనీ చేసే మనిషి. పల్లవి సరేనని తలూపి, మర్నాడు డ్యూటీకి పోతున్నానని చెప్పి హయత్‌నగర్ బస్సెక్కింది.

యాదమ్మ వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. డయాలసిస్ నుంచి వచ్చి అండాలమ్మ మంచం మీద పడుకుంది. గుమ్మంలో ఎవరో చెప్పులు విప్పిన చప్పుడైంది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చేతిలో సంచి. అక్క పోలికే, కాకపోతే కాస్త నిండుగా ఉంది. నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

అండాలమ్మ లేచి కూర్చోబోయి చేతకాక మళ్ళీ వాలింది. "ఎందుకొచ్చినవ్?" అంది.

"అన్నం తెచ్చిన" అంది యాదమ్మ.

సంచిలోంచి పాత స్టీలు డబ్బా తీసి మంచం పట్టె మీద పెట్టింది. డబ్బా మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరుంది. బుచ్చవ్వ. వాళ్ళ తల్లి డబ్బా అది. ఇల్లు వదిలి వెళ్ళిననాడు యాదమ్మ అన్నం పట్టుకెళ్ళింది ఆ డబ్బాలోనే. లడ్డూలు పెట్టి పంపింది కూడా దాన్లోనే. అప్పుడు గుడ్డ విప్పలేదు కాబట్టి లోపల ఏ డబ్బా ఉందో అక్కకు తెలియలేదు.

అండాలమ్మ ఆ పేరు మీద వేలు పెట్టి తడిమింది.

"సొరకాయ వండిన. ఉప్పు జరంతనే ఏసిన, డాక్టరమ్మను అడిగే ఏసిన" అంది యాదమ్మ. "పరీక్షలన్ని అయినయ్ అక్కా. నాది నీకు కలుస్తదన్నరు. మా ఆయన గూడ ఒప్పుకున్నడు. ఇంక నువ్వు ఊఁ అంటే అయిపోతది."

"నాకొద్దు."

"ఎందుకొద్దు?"

"నీ దగ్గర తీసుకునే మొహమా నాది? అవ్వ మొహం చూడనియ్యలే నిన్ను. యాదీ, నువ్వు నన్ను తిట్టు, కొట్టు, పడ్త. గిట్ల ఇయ్యకు. నేనేం పెట్టి వాపస్ ఇయ్యాలె?"

యాదమ్మ మంచం అంచున కూర్చుంది. "తిట్టలేదనుకుంటున్నవా? హయత్‌నగర్ల కూసోని ఇన్నేండ్లు తిట్టిన. నా నోరు నొచ్చింది గని నీకేం కాలే" అంది. అక్క కాళ్ళ మీది దుప్పటి సర్దింది. "నన్ను చంకనేసుకొని పెంచినవ్. నువ్వు చచ్చిపోతుంటే చూసుకుంట ఊకుంటనా? నీ దేవుడు చెప్పిండని రాలే నేను. నా దేవునికి మొక్కే వచ్చిన. ఆనాడు ఈ డబ్బా నిండుగ వాపస్ పంపినవ్. ఈసారన్న తిని, ఖాళీ చేసి ఇయ్యి."

"ఖాళీగనా?"

"ఖాళీగనే."

అండాలమ్మ తనే మూత తీసింది. ముద్ద కలిపింది కానీ నోటిదాకా చెయ్యి లేవలేదు. యాదమ్మ ఆ ముద్ద తన చేతిలోకి తీసుకుని పెట్టింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, అక్కడ నాకేం పని లేకపోయినా.

కిడ్నీ తీసుకోవడానికి ఒప్పుకుంది. అయితే అండాలమ్మ కదా, ఒక షరతు పెట్టింది. తల్లి మెడలోని బంగారు గుండ్ల దండ తన దగ్గరే ఉంది, దాన్ని చెల్లెలికి ఇచ్చేస్తుంది, దానికి బదులుగానే తీసుకుంటుంది. యాదమ్మ తల కొట్టుకుంది. అక్కతో వాదించే ఓపిక లేక సరేలే అంది.

అసలు చిక్కు ఆస్పత్రిలో వచ్చింది. అక్కడ కోఆర్డినేటర్ శృతి అని చిన్నపిల్ల. ఆపరేషన్‌కు ముందు ఇచ్చేవాళ్ళనూ తీసుకునేవాళ్ళనూ కూర్చోబెట్టి పెద్ద డాక్టర్లు ప్రశ్నలడుగుతారని, అదంతా వీడియో తీస్తారని చెప్పింది. భయపెట్టి ఇప్పిస్తున్నారా, డబ్బుకు అమ్ముకుంటున్నారా అని చూస్తారట.

"దీనికి బదులు ఏమైనా ఇస్తున్నారా అని తప్పకుండా అడుగుతారు ఆంటీ" అంది శృతి. "ఏమీ లేదని చెప్పాలి."

"ఎందుకు లేదు? అవ్వ గుండ్లు ఇస్తున్న గద" అంది అండాలమ్మ.

శృతి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అయ్యో, అలా అనకండి ఆంటీ. ఏదైనా ఇచ్చి తీసుకుంటే చట్టం ఒప్పుకోదు. ఆ మాట వింటే ఆపరేషన్ ఆపేస్తారు. ఊరికే ఇస్తేనే తీసుకోవాలి."

అండాలమ్మకు రోషం ముంచుకొచ్చింది. ఇదేం చట్టమమ్మా, మనిషి దగ్గర ఇంత పెద్ద వస్తువు తీసుకుని చేతులు దులుపుకుని పొమ్మంటదా అని ఆ పిల్లను కేకలేసింది. గుండ్లు ఇవ్వకుండా తీసుకోనంది. అలాగని వీడియో ముందు అబద్ధమూ చెప్పనంది. మొత్తానికి ఆపరేషనే వద్దని ఇంటికొచ్చి అటు తిరిగి పడుకుంది. పల్లవి ఏడ్చింది, నేను తిట్టాను. పిలిచిన తేదీ దాటిపోతే మళ్ళీ ఎప్పుడో తెలియదు, అంతవరకు ఆవిడ ఒళ్ళు ఆగుతుందో లేదో తెలియదు.

నేనే బాల్‌రాజ్‌కు కబురు చేశాను. స్కూలు పిల్లల్ని దింపేసి వ్యానుతోనే వచ్చాడు. సంగతంతా విని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ మనిషి అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అండాలమ్మ కోపంతో ఇటు తిరిగింది.

"నవ్వులాటగ ఉన్నదా అయ్యగారూ?"

"కాదక్కా" అన్నాడు. "ఇన్నేండ్ల సంది స్టేజీ ఎక్కి మొత్తుకుంటున్న, నా మాట నువ్వు ఒక్కనాడు వినలే. ఇప్పుడు గవర్నమెంటే చట్టం రాసింది. బదులిస్తే చెల్లదట, ఊరికెనే తీసుకోవాలెనట. ఇంక నన్నేం చెప్పమంటవ్?"

ఆవిడ నవ్వలేదు. ఆయనా నవ్వు ఆపి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతా చెప్పక్కా. ఆ గుండ్లు ఇచ్చినవనుకో. నీ చెల్లె నీకిచ్చినదానికి సమానం అయితదా?"

"కాదు."

"ఇంకేమిస్తే అయితది?"

ఆవిడ మనసులో ఇల్లంతా వెతుక్కున్నట్టుంది.

"ఏమిచ్చినా కాదు" అంది చివరికి.

"మరి ప్రభువు ఇచ్చినదానికి?"

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బాల్‌రాజ్ ఇంకేమీ బోధించలేదు, ప్రార్థన చేస్తానని కూడా అనలేదు. పల్లవి ఇచ్చిన టీ తాగి లేచాడు. ఏ గంటకు రమ్మన్నారో కనుక్కుని, ఆ రోజు వ్యానులో తనే దింపుతానని చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు ఆవిడ వ్యానైతే ఎక్కింది. ఏం చెప్తుందో మాత్రం మాకెవరికీ తెలియదు. మెడలో తల్లి గుండ్లు వేసుకుని వచ్చింది. అవి చూసి ఆపరేషన్ ఇక లేనట్టే అనుకున్నాను. గదిలో ముగ్గురు డాక్టర్లు, ఒక కెమెరా. లేవలేని మనిషి కాబట్టి నన్ను పక్కన కూర్చోనిచ్చారు. ముందు యాదమ్మను అడిగారు. ఎవరూ బలవంతం చేయలేదనీ, తన అక్క కాబట్టి ఇస్తున్నాననీ చెప్పింది. ఆ తర్వాత పెద్ద డాక్టరు ఇటు తిరిగాడు.

"అండాలమ్మ గారూ, మీ చెల్లెలు మీకు కిడ్నీ ఇస్తున్నారు. దానికి బదులుగా మీరు ఆమెకు ఏమిస్తున్నారు?"

ఆవిడ చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. గుండ్లను గట్టిగా పట్టుకుంది. శృతి గోడ దగ్గర ఫైలు పట్టుకుని నిలబడింది. యాదమ్మ నేలచూపులు చూస్తోంది. నేను మనసులో ప్రభువా అనుకున్నాను.

చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఏం ఇస్తలేను సారు" అంది. "ఇయ్యనీకి నా దగ్గర ఏం లేదు. ఉన్నదనుకున్న గని లేదు. నేను దీన్ని మస్తు ఏడిపించిన. అయినా ఇస్తున్నది. ఊరికెనే తీసుకుంటున్న."

ఆ మాటతో ఏడుపు ఆగలేదు. సంఘానికి వచ్చిన ఆ మొదటి ఆదివారం తర్వాత ఎవరి ముందూ బయటపడి ఏడవని మనిషి, కెమెరా ముందు చిన్నపిల్లలా ఏడ్చింది. డాక్టరు కంగారుపడి నీళ్ళివ్వమన్నాడు. నీళ్ళు లెక్క ప్రకారం తాగాలి సారూ అని ఏడుస్తూనే ఆయనకు గుర్తుచేసింది.

ఆపరేషన్ రోజున లోపల అక్కాచెల్లెళ్ళు, బయట మేము. దశరథ మూల కుర్చీలో కూర్చుని చేతులు నలుపుకుంటున్నాడు. అప్పటి సంగతంతా తెలిసిన మనిషి. ఎలా ఒప్పుకున్నావయ్యా అని అడిగాను.

"నేను వద్దంటే ఆగుతదా అమ్మా?" అన్నాడు. "నాతోటి వచ్చిననాడు ఎవరు వద్దంటే ఆగింది?" ఆ మాట అని తను నవ్వి, నన్నూ నవ్వించాడు. తర్వాత మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అంతసేపూ మా బాల్‌రాజ్ ఆయన పక్కనే కూర్చున్నాడు.

చెల్లెలి కిడ్నీ అక్క ఒంట్లో నిలబడింది. యాదమ్మ తొందరగానే కోలుకుంది. అండాలమ్మను చాలా నెలలు జనంలోకి పోవద్దన్నారు. డాక్టర్లు సరేనన్నాక, మొహానికి మాస్కు పెట్టుకుని ఒక ఆదివారం సంఘానికి వచ్చింది. యాదమ్మ కూడా వచ్చింది, అదే పెద్ద బొట్టుతో. అక్క పక్కన చాప మీద కూర్చుని మా పాటలకు కొత్తవాళ్ళు కొట్టినట్టు తాళం తప్పి చప్పట్లు కొట్టింది.

సాక్ష్యం చెప్పమన్నారు. మేమంతా సర్దుకుని కూర్చున్నాం, ఎప్పటిలాగే పొడుగ్గా ఉంటుందని.

అండాలమ్మ లేచి నిలబడింది. "ఇచ్చిన్రు. తీసుకున్న" అంది. అంతే, కూర్చుంది. బాల్‌రాజ్ పాట ఎత్తుకోవడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

ఆ సాయంత్రం యాదమ్మ హయత్‌నగర్ బయల్దేరుతుంటే నేను అక్కడే ఉన్నాను. పొద్దున అక్కకోసం అదే డబ్బాలో అన్నం తెచ్చింది. అండాలమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే డబ్బా కడిగింది. కొంగుతో తడి తుడిచింది. మూత పెట్టబోతూ ఆగింది. అలవాటు కదా, చెయ్యి దానంతటది పక్కనున్న బియ్యం డబ్బాలోకి వెళ్ళింది. గుప్పిట నిండా బియ్యం తీసింది.

గుప్పిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుమ్మంలో యాదమ్మ చూస్తూ ఉంది.

అండాలమ్మ గుప్పిట విప్పి, బియ్యం మళ్ళీ బియ్యం డబ్బాలోనే పోసేసింది. అరచేతికి అంటుకున్న గింజలు కూడా దులిపేసింది. తల్లి పేరున్న డబ్బాకు మూత పెట్టి, రెండు చేతులతో చెల్లెలికి అందించింది.

యాదమ్మ డబ్బా అందుకుని ఊపి చూసింది. లోపల ఏ చప్పుడూ లేదు.

"ఖాళీనేనా అక్కా?"

"ఖాళీనే" అంది అండాలమ్మ.